చెప్పి ముట్టుకో

"అండీ, కాస్త పక్కకి జరుగుతారా? క్లాసు మొదలైపోయింది!"

"జరగను. ఈ మెట్లు మీ తాతగారు కట్టించారా?"

నర్సింగ్ స్కూల్లో మొదటి రోజు, మెట్ల మీద వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొట్టమొదటి మాటలివి. ఇంతకంటే తియ్యగా మొదలైన ప్రేమలు చాలానే ఉంటాయి. ఇది మాత్రం ఇలాగే మొదలైంది.

అమ్మాయి రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టునీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు ఎక్కుతోంది. వెనకాల అబ్బాయి బ్యాగు భుజాన వేసుకుని తొందర పడిపోతున్నాడు. దాటి వెళ్ళిపోవడానికి చోటుంది. కానీ ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకి అతని తొందరంతా ఎటో పోయింది. చివరికి ఇద్దరూ కలిసే ఆలస్యంగా ప్రాక్టికల్ క్లాసులో అడుగుపెట్టారు, కలిసే చివాట్లు తిన్నారు.

"ఆలస్యంగా వచ్చిన జంట ఆ చివరి మంచం దగ్గరికి వెళ్ళండి. ఈ టర్మంతా మీరిద్దరూ ఒక జట్టు," అంది ట్యూటర్.

జంట అన్న మాటకి క్లాసంతా కిసుక్కుమంది. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అమ్మాయి కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించింది. నిజానికి అప్పటికింకా వాన మొదలవలేదు.

ప్రాక్టికల్ ల్యాబులో వరసగా మంచాలు, తెల్లటి దుప్పట్లు, స్టాండుకి వేలాడే ఖాళీ సెలైన్ సీసాలు. జట్టులో ఒకరు పేషెంటు, ఒకరు నర్సు. పేషెంటు నోరు విప్పకూడదు, కదలకూడదు. నర్సు అతన్ని పక్కకి తిప్పాలి, కింద దుప్పటి మార్చాలి, నాడి చూడాలి, చెంచాతో నీళ్ళు తాగించాలి. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. అన్ని మంచాల దగ్గరా మార్చుకునేవాళ్ళు, ఆ చివరి మంచం దగ్గర తప్ప.

"ఇవాళ మీరు పేషెంటు," అనేవాడు అబ్బాయి.

"పేషెంటు వేషం మీకే బాగా నప్పింది."

"నప్పడమేంటండీ? నేను నిక్షేపంలా ఉన్నాను!"

"మొహం చూస్తే అలా లేదు. పడుకోండి."

పడుకునేవాడు. అతనికి అసలు కష్టం నోరు మూసుకోవడం. ఆ నోటి పుణ్యమా అనే క్లాసంతా అతన్ని రేడియో అని పిలిచేది. ఎప్పుడూ మంచమెక్కని ఆ అమ్మాయికి కూడా ఒక పేరు పెట్టారు, మేడమ్‌గారు అని. ఆ పేరు ఆమె వెనకాలే అనేవాళ్ళు.

మేడమ్‌గారిది ఒక విచిత్రమైన అలవాటు. ఏ పని చేసినా ముందు చెప్పేది. "ఇప్పుడు మీ ఎడమ చెయ్యి ఎత్తుతున్నాను." "ఇప్పుడు దుప్పటి తీస్తున్నాను, కొంచెం చల్లగా ఉంటుంది." గొంతు తగ్గించి, అతనొక్కడికే వినపడేలా చెప్పేది. నాడి చూసేటప్పుడు ఆమె వేళ్ళు సన్నగా వణికేవి. అది తనని చూసి కలిగిన సిగ్గేనని రేడియో తనకు తానే తేల్చేసుకుని లోలోపల పొంగిపోయేవాడు. మగవాళ్ళకి ఇలాంటి లెక్కలు తేలిగ్గా కుదిరిపోతాయి.

వాన రోజుల్లో ల్యాబంతా పలచటి బూడిదరంగు వెలుతురు నిండేది. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే వాటి నీడలు ఆమె బుగ్గ మీదుగా కదిలేవి. ఆ మంచం మీద పడుకుని, పైనుంచి వంగిన ఆ మొహాన్ని చూస్తూ, ఈ టర్ము ఎప్పటికీ అయిపోకూడదని అతను గట్టిగా కోరుకున్నాడు. ప్రేమంటే ఇదే కాబోలని కూడా అనుమానం వచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి మాట్లాడదామంటే పేషెంటు నోరు విప్పకూడదాయె!

టర్ము చివర్లో ట్యూటర్ ఒక మాట చెప్పింది.

"సోమవారం నుంచి వార్డు పోస్టింగు. ఒక గంటైనా పేషెంటుగా పడుకోనివాళ్ళని నేను వార్డుకి పంపను. మంచం మీంచి లోకం ఎలా కనిపిస్తుందో తెలియనివాళ్ళు పేషెంటు మీద చెయ్యి వెయ్యకూడదు. ఇంకా ఎవరు మిగిలారు?"

అందరి తలలూ చివరి మంచం వైపు తిరిగాయి. రేడియో ఊరుకుంటే బాగుండేది.

"మేడమ్‌గారికి మా మంచాలు పడవండీ. హంసతూలికా తల్పం తెప్పించాలేమో!"

క్లాసు గొల్లుమంది. అమ్మాయి మొహం పాలిపోయింది. చేతిలో దిండు అక్కడే పెట్టి గబగబా బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఎడమ పాదం సరిగ్గా లేవక గడపకి తట్టుకుంది. పడబోయి తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. అది చూసిన రేడియో నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వరండాలో వాన జల్లు కొడుతోంది. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"సారీ అండీ. నా నోరు మంచిది కాదు. కావాలంటే రెండు పీకండి."

"పీకేంత బలం లేదు."

"అంటే?"

ఆమె వాన వైపు తిరిగింది. తర్వాత ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. రెండేళ్ళ క్రితం వచ్చిన నరాల జబ్బు. ముందు పాదాలు మొద్దుబారాయి. తర్వాత కాళ్ళు, చేతులు, ఆఖరికి ఊపిరి. మెషీను ఊపిరి పోస్తుంటే నెలల తరబడి వెల్లకిలా పడుకుని ఉండిపోయింది. అన్నీ వినపడేవి, అన్నీ తెలిసేవి. కనురెప్ప తప్ప ఏదీ కదిలేది కాదు.

"నొప్పి కాదండీ నన్ను చంపింది. ఉన్నట్టుండి ఎవరో వచ్చి దుప్పటి లాగేసేవాళ్ళు. ఎవరో తిప్పేసేవాళ్ళు. మధ్యాహ్నం భోజనానికి ఏం తెచ్చుకున్నారో నా మీదుగానే మాట్లాడుకునేవాళ్ళు. ఒక్క సిస్టర్ మాత్రం ఏం చేసినా ముందు నాకు చెప్పి చేసేది. ఆవిడ వచ్చినప్పుడే నేను మనిషినని గుర్తొచ్చేది. నేను ఆవిడలా అవ్వాలనే ఇక్కడికొచ్చాను."

"మరి ఆ వణుకు..."

"చేతుల్లోకి బలం ఇంకా పూర్తిగా రాలేదు. మీరేమనుకున్నారు?"

"నేనా? నేనూ అదే అనుకున్నాను," అన్నాడు రేడియో చాలా నీరసంగా.

"వెల్లకిలా పడుకుంటే మళ్ళీ లేవనేమోనని భయం. ఇంట్లో కూడా కుర్చీలో ఒరిగే నిద్రపోతాను. పక్కన అమ్మ ఉన్నా అంతే. సోమవారం వార్డుకి వెళ్ళకపోతే నాన్న చదువు మాన్పిస్తారు. 'అందరితో సమానంగా చెయ్యగలిగితేనే ఉండు, లేకపోతే ఇంటికొచ్చెయ్' అన్నారు. ఆయన భయం ఆయనది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇదిగో, ఆ జాలి మొహం పెట్టొద్దు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"నాకున్నది ఒక్కటే మొహం అండీ. అదీ బాలేదని మీరే ఇదివరకే అన్నారు."

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. ట్యూటర్‌తో చెప్పి మినహాయింపు అడుగుదామా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మినహాయింపులతో నర్సు అవ్వడం తనకిష్టం లేదంది.

శనివారం ఆమె ఆ మంచం ఎక్కింది.

వీపు పరుపుకి ఆనగానే ఊపిరి బిగుసుకుపోయింది. కళ్ళ ముందు సీలింగు కిందికి దిగుతున్నట్టుంది. గుప్పిట్లో దుప్పటి నలిగిపోతోంది.

"నేను ఇక్కడే ఉన్నాను. మీ కుడి పక్క," అన్నాడు రేడియో, ఎన్నడూ లేనంత మెల్లగా. "ఇప్పుడు మీ చెయ్యి పట్టుకుంటాను. నాడి కోసం. ముందు వేళ్ళు వదులు చెయ్యండి... అంతే. నా చెయ్యి చల్లగా ఉంటే తిట్టండి, మనసులో."

గుప్పిట విడింది.

"ఇప్పుడు తల కింద దిండు సర్దుతున్నాను. ఇప్పుడు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పుతాను, అటు వాన బావుంది. వీపు మీద నా చెయ్యి ఉంటుంది, పడిపోరు. ఇప్పుడు దుప్పటి కప్పుతున్నాను, ముందు పాదాల మీద."

అతను చెబుతూనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక్క మాట కూడా దండగ కాలేదు. బయట వాన ఆగకుండా కురుస్తోంది. పక్క మంచాల చప్పుళ్ళు ఎక్కడో దూరంగా వినపడుతున్నాయి. ఆమె ఊపిరి మెల్లమెల్లగా కుదుటపడింది, తర్వాత ఇంకా నెమ్మదించింది.

చెయ్యాల్సినవన్నీ అయిపోయాయి. గంట ఇంకా అయిపోలేదు. రేడియో గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడొక మాట చెప్పబోతున్నాను. ఇది ప్రొసీజర్లో లేదు. జాలితో చెప్పడం లేదు, మెట్ల దగ్గర తిట్టినప్పటి నుంచీ ఉన్నదే. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరిప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ధైర్యం చేసి చెప్పేస్తున్నాను."

వంగి చూశాడు. అమ్మాయి నోరు కొద్దిగా తెరుచుకుని, ఆదమరచి నిద్రపోతోంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు గమనించాడు, పక్క మంచాల పేషెంట్లూ నర్సులూ అందరూ చెవులొగ్గి వింటున్నారు. ట్యూటర్ దగ్గరికి వచ్చి, నిద్రపోతున్న మొహాన్ని చూసి, పెదాల మీద వేలు పెట్టింది. గంట దాటిపోయినా ఎవరూ లేపలేదు.

సాయంత్రం ఇద్దరూ ఒకే గొడుగు కింద గేటు వైపు నడిచారు. సోమవారం వార్డుకి వెళ్ళేవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"నేను నిద్రపోయాక ఏమైనా చెప్పారా?"

"ఏముందండీ. వాతావరణ విశేషాలు."

"వాతావరణం విని క్లాసంతా నన్ను చూసి ముసిముసిగా నవ్వుతుందా?"

అతను ఆగాడు. గొడుగు ఆమె మీదికి జరిపి, తను తడుస్తూ, ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆమె మాట్లాడచ్చు కాబట్టి సగం మాటలు తడబడ్డాయి.

"మీ జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు," అన్నాడు చివరికి.

"ఇవాళ మంచం మీద చెప్పానుగా."

"మీరు నిద్రపోయారండీ!"

"అవును. రెండేళ్ళుగా అమ్మ పక్కనున్నా మంచం మీద పట్టని నిద్ర, నువ్వు పక్కనుంటే పట్టింది. ఇంకేం జవాబు కావాలి నీకు?"

రేడియోకి ఒక్క మాటా రాలేదు. అబ్బాయి నోట మాట లేకపోవడం ఆమెకి భలే నచ్చింది.

గేటు దగ్గర, రోజూ ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చే అమ్మ తన గొడుగుతో నిలబడి ఉంది. సగం తడిసిన అబ్బాయిని ఎగాదిగా చూసింది.

"ఎవరే ఈ అబ్బాయి?"

"నా నర్సు అమ్మా," అంది అమ్మాయి.

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో నిద్ర తీరిన తేట కనపడింది. ఎందుకో అడగకుండానే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"మరి అలా తడుస్తూ నిలబడ్డావేంటి బాబూ? రేపు నువ్వు మంచమెక్కితే మా పిల్లని ఎవరు చూస్తారు? ఇలా రా, మా గొడుగు పెద్దదే."