లోపలికి మడిచిన గుడ్డ

గొడవ సగం ఉల్లిపాయ దగ్గర మొదలైంది.

"ఆ తలుపు కాస్త వేసి వేయించుకోకూడదూ? వీధి చివరిదాకా కొడుతోంది వాసన!" ముందుగదిలోంచి భర్త అరిచాడు.

"తలుపేస్తే నాకు ఊపిరాడదండీ. కిటికీ తీసే ఉంచాను."

"నీకు ఊపిరాడదు, నాకు ప్రాణం ఆగదు. కడుపు మాడ్చుకు కూర్చున్నవాడి ముక్కు దగ్గర ఉల్లిపాయ వేయించే బదులు నాలుగు తన్నరాదూ?"

"సగం ఉల్లిపాయండీ!"

"సగమైతే వాసన సగమే వస్తుందా?"

సూదక్క పొయ్యి ఆర్పేసింది. బాణలిలో ఉల్లిముక్కలు రంగు మారీ మారకుండా ఆగిపోయాయి. వాటిని చెత్తబుట్టలో వంపేసి, బాణలి కడిగి బోర్లించింది. నోరు మూసుకున్నప్పుడు ఆవిడ చేతుల చప్పుడు పెరుగుతుంది. ఆ చప్పుడు ముందుగదిదాకా వెళ్ళింది.

"అలిగావా?"

"అలగడానికి తీరికెక్కడిది నాకు? జిప్పులు మార్చాల్సినవి గుట్ట పడున్నాయి."

ఆవిడను వీధిలో అందరూ సూదక్క అనే పిలుస్తారు. పొడుగైన పాంట్లు పొట్టి చేస్తుంది, బిగుతైన చొక్కాలు వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది. ఇదివరకు ఆవిడ మిషన్ వెనకగదిలో ఉండేది. ఇప్పుడు భోజనాలబల్ల మీద ఉంది. బల్ల పక్కన కిటికీ ఉంది, వెలుతురు బాగా వస్తుందని తెచ్చి పెట్టుకుంది. పెట్టినరోజు ఎవరైనా "ఇదేమిటి, తినేచోట మిషనేమిటి?" అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. ఆ బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళే లేనప్పుడు ఎవరంటారు?

భర్త సిటీ బస్సు డ్రైవరు. ఒంట్లో చక్కెర అదుపు తప్పింది. ఇలాగే ఉంటే ఇంజెక్షన్లలోకి దిగాలని, అప్పుడు బస్సు స్టీరింగు ఇవ్వడానికి డిపోవాళ్ళు వెనకాడవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంకో దారి ఉంది, కష్టమైనది. కొన్ని వారాలపాటు పూట పూటకీ నీళ్ళలో కలిపిన పొడి ఒక గ్లాసు. అంతకుమించి ఏమీ లేదు. రోజంతా తాగినా ఒక మంచి భోజనానికి సరిపోనంత శక్తి. మొదలుపెట్టేముందు రక్తం తీశారు, ఈసీజీ తీశారు, ఆయన మాత్రలు కొన్ని తగ్గించి కొన్ని ఆపేశారు. వారం వారం రమ్మన్నారు. 

"ఇది మా కళ్ళ ముందు జరగాల్సిన పని. ఇంట్లో ఇంకెవరూ సరదాకి మొదలుపెట్టకండి" అని క్లినిక్ నర్సు వేలు చూపించి మరీ చెప్పింది. సూదక్క అక్కడే ఉండి తలూపింది.

ఆ రోజునుంచి ఆయన గ్లాసు ఆయనది, ముందుగది ఆయనది. కూతురు చిట్టి హోటల్లో రిసెప్షనిస్టు. డ్యూటీలోనే తిండి పెడతారు. ఇంటికొచ్చేది నిద్రకు. మిగిలింది సూదక్క ఒక్కతే. పొయ్యి పక్కన నిలబడి, పళ్ళెం చేత్తో పట్టుకుని, రావాల్సిన బస్సు ఇంకా రాలేదన్నట్టు వీధివైపు చూస్తూ తినేది. ఒక్క మనిషికి వండాలంటే చేయి సాగేది కాదు. ఉప్పు ఎక్కువైనా అనేవాళ్ళు లేరు, తక్కువైనా అనేవాళ్ళు లేరు. వాసన వస్తోందని తిట్టడానికి మాత్రం ఒకరున్నారు.

ఉల్లిపాయ గొడవైన సాయంత్రం ఆవిడ పొయ్యి వెలిగించలేదు. భర్త పెట్టెలోంచి ఒక పొడి పాకెట్టు తీసి గ్లాసులో కలుపుకుని వచ్చి సోఫాకి ఆ చివర కూర్చుంది.

"పాలా?" అన్నాడాయన.

"ఊఁ."

ఆయన చాచుకున్న కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. తన గ్లాసు ఆవిడ గ్లాసుకి టంగుమని తాకించాడు. "ఇవాళ ఒకావిడ పిల్లిని బుట్టలో పెట్టుకుని బస్సెక్కిందోయ్. పిల్లికి టికెట్టు కొట్టనా అని కండక్టరు అడిగితే, 'సీటు ఇస్తే కొట్టు' అంటుంది!"

సూదక్క పొలమారేంతగా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆయన ఇలా చెప్పి. మాట కోసం వెతుక్కోకుండా, టీవీవైపు చూడకుండా.

మర్నాడు మందుల దుకాణానికి వెళ్ళి తనకో పెట్టె కొనుక్కుంది. "ఎవరికమ్మా?" అనడిగాడు దుకాణదారు. "మా ఇంట్లో వాడుతున్నాం" అంది. అబద్ధం కాదు. సరదాకి చేయొద్దన్న నర్సు మాటా గుర్తొచ్చింది. నేను సరదాకి చేయడం లేదుగా అనుకుంది.

అలా ఇద్దరూ పొద్దునో గ్లాసు, సాయంత్రమో గ్లాసు కలిసి తాగారు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు మిషన్ పక్కనే పెట్టుకుని ఒక్కతే తాగింది. మొదట్లో తల పగిలిపోయేది. తర్వాత ఆకలి ఎటో పోయి ఒళ్ళు తేలికైపోయింది. అద్దంలో బుగ్గలు లోపలికి పోవడం చూసి కొంచెం ముచ్చటపడింది కూడా. ఆ తర్వాతే ఎండలో కూర్చున్నా చలి వేయడం మొదలైంది. దువ్వెన నిండా జుట్టు రాసాగింది. మిషన్ దగ్గర కాసేపు కూర్చుంటే పిక్కలు పట్టేసేవి. వంగి లేస్తే గది ఒకసారి గిర్రున తిరిగేది. కళ్ళు పాడవుతున్నాయి, అద్దాలు మార్పించాలి అనుకుంది.

భర్తకు మాత్రం ఎక్కడికెళ్ళినా మెప్పే. డిపోలో "పెళ్ళికొడుకొచ్చాడ్రోయ్" అని ఆట పట్టించారు. క్లినిక్‌లో తూకం చూసి నర్సు చప్పట్లు కొట్టింది. ఆయన యూనిఫారం పాంట్లు సూదక్కే బిగించింది. ఆయనవి బిగించిన రోజే తనవీ బిగించుకునేది. గౌను భుజం జారకముందే, నడుము వదులు కాకముందే, పక్కల్లో ఒక్కో కుట్టు లోపలికి జరిపేది. మనిషి తగ్గిపోతున్నా బట్ట అతికినట్టే కనబడుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మిగిలిన గుడ్డను మాత్రం కత్తిరించేది కాదు. కత్తిరిస్తే మళ్ళీ విప్పడానికి ఏమీ మిగలదన్నది ఆవిడ పనిలో పట్టింపు. లోపలికి మడిచి, ఇస్త్రీ చేసి అణిచేసేది.

"తిన్నావా అమ్మా?" అని కూతురు ఫోన్ చేసేది.

"తిన్నానే, మీ నాన్నతో."

"ఒక్క పాలతో సరిపెడుతున్నావా ఏమిటోయ్?" అని భర్త అడిగేవాడు.

"చిట్టి వచ్చినప్పుడు దాంతో తిన్నానండీ."

రెండు అబద్ధాలూ చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. తండ్రీ కూతుళ్ళు ఒకే తలుపులోంచి ఒకరు వస్తుంటే ఒకరు వెళ్ళేవాళ్ళు.

ఒకరోజు పొద్దున టీచరమ్మ కొత్త గౌను అంచు కొలిపించుకోవడానికి వచ్చింది. ఆవిడను ముక్కాలిపీట మీద నిలబెట్టి, సూదక్క మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ సుద్దగీత గీసింది. 

"ఇంకాస్త పైకి పెట్టు సూదక్కా. నేనేం ముసలిదాన్నా?"

"ఇంతకంటే పైకి పెడితే మీ క్లాసులో పిల్లలు బోర్డువైపు చూడరు టీచరమ్మా" అంటూ నవ్వి లేచి నిలబడింది. 

నిలబడ్డాననే అనుకుంది. టీచరమ్మ ముఖం పక్కకు వాలింది, కిటికీ పైకప్పుకి వెళ్ళింది, సుద్దముక్క ఎక్కడో పడిన చప్పుడు చాలా దూరంనుంచి వినిపించింది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి క్లినిక్ మంచం. చేతికి సెలైను, గుండె మీద తీగలు. మంచం కాళ్ళ దగ్గర భర్త, డ్యూటీలోంచి వచ్చిన యూనిఫారంతోనే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చప్పట్లు కొట్టిన నర్సే ఇప్పుడు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"రోజూ వేసుకుంటున్నానమ్మా. ఒక్కరోజూ మానలేదు." ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

"అదే ముంచింది. మీ ఆయనకు పొడి మొదలుపెట్టకముందే ఆ మాత్ర ఆపించాం, గుర్తుందా? ఇంత తక్కువ తిండి మీద పాత మోతాదు వేసుకుంటే బీపీ నిలబడుతుందా? ఒంట్లో లవణాలు పడిపోయాయి. గుండె లయ తప్పుతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగుంటే పడ్డాక లేచేవారు కాదు. అందుకే ఆయన్ని వారం వారం రమ్మని రక్తం తీస్తున్నాం. మీ రక్తం ఎవరు తీశారు?"

సూదక్క సెలైను గుచ్చిన తన చేతివైపు చూసుకుంది.

"సరదాకి చేయొద్దని చెప్పానా లేదా?"

"సరదాకి చేయలేదమ్మా" అంది సూదక్క నెమ్మదిగా.

అప్పుడే కూతురు పరుగెత్తుకొచ్చింది. హోటల్ కోటు, దానిమీద పేరు బిళ్ళ, కాటుక కారిపోయిన కళ్ళు. సంగతి విని తండ్రి మీద విరుచుకుపడింది.

"మీ పక్కనే కూర్చుని తాగుతుంటే మీకు తెలియలేదా నాన్నా? అమ్మ మీతో తింటున్నానని చెప్పింది నాకు!"

"నాతోనా?" ఆయన తెల్లబోయాడు. "నేనెక్కడ తింటున్నానే? గ్లాసే కదా నా తిండి! నీతో తింటున్నానంది నాతో!"

"నాతోనా? నేను ఇంట్లో తిని ఎన్నాళ్ళయింది?"

అడిగిన ప్రశ్న తనకే తగిలి కూతురు ఆగిపోయింది. ఇద్దరూ మంచంవైపు తిరిగారు.

"ఎందుకమ్మా ఇలా చేశావు? లావుగా ఉన్నావని ఎవరన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదే." సూదక్క పైకప్పువైపు చూసింది. కంటి చివరనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. "ఎవరూ ఏమీ అనకపోతేనే... నాకు ఒక్కదాన్నే తినడం చేతకాలేదు. అన్నేళ్ళు ముగ్గురికి వండాను. ఒక్కదానికి వండితే కూర కూడా నావైపు జాలిగా చూసినట్టుండేది. గ్లాసు పట్టుకుని కూర్చుంటే మీ నాన్న పక్కకి జరిగి చోటిచ్చారు. పిల్లి కథ చెప్పారు. అందుకని తాగాను."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా!" అన్నాడు భర్త.

"మీరిద్దరూ ఒకరినొకరు ఒక్క మాట అడిగుంటే నేను మొదటిరోజే దొరికిపోయేదాన్నండీ."

తీగలు అతికించడానికి నర్సు తీసేసిన గౌను ఒక సంచిలో ఉంది. ఆయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, మడత పెట్టబోయి, లోపలివైపు తిప్పాడు. పక్కన ఒక కుట్టు. దాని లోపల ఇంకో కుట్టు. దాని లోపల మరొకటి. చెరువు ఎండుతుంటే ఒడ్డున గీతలు మిగిలినట్టు, ఒకదాని వెనక ఒకటి. ఆయన పాంటులోనూ అలాంటివే ఉన్నాయి. వాటిని డిపోలో తిప్పి అందరికీ చూపించి మురిసిపోయాడు. ఇవి ఎవరూ చూడలేదు. బొటనవేలితో ఒక్కో గీతనూ తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. సూదక్క చూసింది. చూడనట్టు కళ్ళు మూసుకుంది.

రెండ్రోజులు ఉంచుకుని పంపించారు. ఇంటికెళ్ళగానే కడుపునిండా పెట్టేయొద్దన్నారు. ఒంట్లో లవణాలు మళ్ళీ పడిపోకుండా కొద్దికొద్దిగా పెంచాలి, రక్తం చూపించుకుంటూ ఉండాలి. ఇకమీదట వారం వారం భర్తతోపాటు ఆవిడా రావాలి.

ఇంటికొచ్చిన సాయంత్రం సూదక్క పడుకుని ఉండగా వంటింట్లోంచి వాసన వచ్చింది. ఉల్లిపాయ. వేగుతున్నది కాస్తా మాడుతున్న వాసన. మెల్లిగా గోడ పట్టుకుని వెళ్ళి చూసింది. భర్త ఒక చేత్తో తన గ్లాసు, ఇంకో చేత్తో గరిట పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. తలుపు బార్లా తీసి ఉంది.

"అయ్యో, మాడుతోందండీ!"

"మాడితే మాడనీ. గాలి పీల్చకుండా వేయిస్తున్నాను, వేగిందో మాడిందో నాకేం తెలుస్తుంది?"

"మీకు ప్రాణం ఆగదన్నారుగా."

ఆయన తిరగలేదు. గరిటతో అడుగంటిన ముక్కల్ని గీకుతూ, "అది ఉల్లిపాయకి పోయే ప్రాణం కాదని మొన్న తెలిసిందిలే" అన్నాడు.

కూతురు భోజనాలబల్ల మీది మిషన్‌ను ఒక మూలకి జరిపి, దారపుండలు పక్కకి తోసి మూడు కుర్చీలు వేసింది. తల్లికి కూరగాయలు మెత్తగా ఉడికించిన చిన్న గిన్నె, మీద నల్లబడ్డ ఉల్లిముక్కలు. ఒక గుడ్డు. తనకో పళ్ళెం. తండ్రి ముందు గ్లాసు. ఆయన వంతు ఇంకా పూర్తికాలేదు.

సూదక్క ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మిగతా ఇద్దరూ పరీక్ష రాసినవాళ్ళలా చూశారు.

"ఉప్పు లేదు" అంది.

"చెప్పానా నాన్నా, ఉప్పు వేయమని!"

"నువ్వు చెప్పింది మిరియాలు."

"ఉప్పే చెప్పాను."

ఆ మాటలు వింటూ సూదక్క ఇంకో చెంచా తింది. మంచినీళ్ళు తాగి, చెంచా పక్కన పెట్టింది.

"ఒక సంగతి చెప్పాలి. నేను నిర్ణయించేశాను, అడగడం లేదు" అంది. "రేపు ఈ మిషన్ వెనకగదిలోకి వెళ్ళిపోతుంది. వెలుతురు చాలకపోతే ఇంకో దీపం పెట్టించుకుంటాను. ఈ బల్ల తినడానికే. నేను వేడివేడిగా, కుర్చీలో కూర్చుని తింటాను. తలుపు తీసే ఉల్లిపాయ వేయిస్తాను. మీ గ్లాసు తెచ్చుకుని మీరు నా ఎదురుగా కూర్చోవాలి."

"కూర్చుంటాను" అన్నాడాయన.

"నా షిఫ్టు ఉంది కదమ్మా, రోజూ ఎలా?" కూతురు బిక్కమొహం వేసింది.

"నీకు వీలున్న పూటే రా. వీల్లేని పూట ఫోన్ చేసి, అమ్మ తిన్నదా అని మీ నాన్నని అడుగు. నన్నడక్కు." సూదక్క మళ్ళీ చెంచా అందుకుంది. "నేను అబద్ధం చెబుతాను."

భర్త లేచి ఉప్పుడబ్బా తెచ్చి, ఆవిడ గిన్నె పక్కన పెట్టి, తన కుర్చీని కొంచెం ఇటు జరుపుకుని కూర్చున్నాడు.