ఎర్ర పుంజు ఎవరింట్లో ఉండాలి

“మీ పుంజును కోస్తరా, నన్ను కొయ్యమంటరా?”

వీరేందర్ యమునతో మాట్లాడిన మొదటి మాట అదే. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాడు లుంగీతోనే వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. సెంటినరీ కాలనీలో వాళ్ల రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. దాని మీద నిలబడ్డ ఎర్ర పుంజు అతని గోడు తనకేమీ పట్టనట్టు ఇంకోసారి గొంతెత్తింది.

“పోయిన వారం ఫస్ట్ షిఫ్టుల ఇదే కూతకు లేసి డ్యూటీకి పోయిండ్రు గద. అప్పుడు మంచిగనే ఉండెనా?” అంది యమున నూకలు చల్లుతూ.

బొగ్గుబాయిలో షిఫ్టు వారం వారం మారుతుంది, దాంతోపాటు మనిషి పొద్దూ మాపూ మారిపోతాయి. వీరేందర్ నవ్వేశాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చింది, దాచుకోవడం చేతకాలేదు.

ఆ తర్వాత వాన పడితే చాలు, యమున కోళ్లను గంప కింద మూయడానికి ఉరికేది, అతను గోడ దూకి సాయం వచ్చేవాడు. కోళ్లకంటే వీళ్లిద్దరే ఎక్కువ తడిసేవారు.

కానీ ఒక్క పెళ్లి మాట దగ్గర వీరేందర్ ఆగిపోయాడు. వాళ్లమ్మ సారవ్వ తన తమ్ముడి కూతురే కోడలని ఎప్పుడో అనుకుంది. “ఈ వారం అవ్వకు చెప్త” అని ఫస్ట్ షిఫ్టులో అనేవాడు. నైట్ షిఫ్టు రాగానే “పానం అలిసిపోయింది, వచ్చే వారం పక్కా” అనేవాడు. అట్లా ఏడాది గడిచింది.

యమున తండ్రి పోశం రిటైరయ్యాడు. క్వార్టర్ అప్పజెప్పి గోలేటి దగ్గరి సొంతూరికి పోవాలి. పోయేముందు పుంజుల సంగతి తేలాలి. యమున తల్లి చనిపోయే ముందు పొదగేసిన గుడ్ల పిల్లలవి. పెద్దయ్యాక చూస్తే పుంజులే ఎక్కువ. పాపం, వాటి తాకిడికి పెట్టల వీపుల మీద ఈకలు ఊడి చర్మం కనబడుతోంది.

“ఒక్కదాన్నే ఉంచుకుందం బిడ్డా. మిగిలినయి కొయ్యాలె. పెంచింది నువ్వు, ఏది ఉండాల్నో నువ్వే చెప్పు,” అన్నాడు పోశం.

యమున నూకలు చల్లి చూస్తూ కూర్చుంది. తెల్లది పెట్టలను తరిమి తరిమి పొడుస్తుంది. నల్లది ఫరవాలేదు గానీ ముందు తన కడుపే చూసుకుంటుంది. ఎర్రది మాత్రం గింజ దొరికితే తాను ముట్టకుండా పెట్టలను పిలుస్తుంది. ఉంచాల్సింది అదేనని ఆమెకు తెలుసు. కానీ రోజూ తెల్లారి ఆ కూత వింటే ఈ గోడ గుర్తొస్తుంది. అది భరించడం తనవల్ల కాదు.

“ఎర్రదాన్ని గూడ కొయ్యి బాపు. నల్లదాన్ని తీస్కపోదం.”

గోడ అవతల వీరేందర్ ఉలిక్కిపడ్డాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు, కళ్ల చుట్టూ బొగ్గు ఇంకా వదల్లేదు. “గదేంది యమునా? అన్నిట్ల మంచిది గదే!”

“మంచిదే. దాని కూత వినుకుంట నేను ఆడ బతకలేను,” అంది యమున. గొంతులో కోపం లేదు, అందుకే అతనికి ఎక్కువ తగిలింది. “పుంజు మీద వారానికో మాట అంటివి. నా మీద గూడ గంతేనా?”

పోశం ఇద్దరినీ చూశాడు. ఎర్ర పుంజు కాళ్లు కట్టి కూతురి ఒడిలో పెట్టాడు. వీరేందర్ గోడ దగ్గర లేడు. పడుకోవడానికి పోయి ఉంటాడనుకుంది యమున. పుంజు మెడ నిమురుతూ ఏడ్చింది.

గేటు చప్పుడైంది. ఎప్పుడూ గోడ దూకి వచ్చేవాడు ఈసారి గేటు తీసుకుని వచ్చాడు. వెనక పిండి చేతులతో సారవ్వ.

“అవ్వా, నేను యమునను చేసుకుంట. ఏడాదిసంది చెప్పకపోవుడు నాదే తప్పు. ఇగ ఈ మాట మారది.”

సారవ్వ ముఖం వాడిపోయింది. “నా తమ్మునికి ఏం మొఖం పెట్టుకొని చెప్పాలెరా?”

“నువ్వు చెప్పకు. మామకు నేనే చెప్త. తిట్టినా పడ్త.”

సారవ్వ చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. తర్వాత వచ్చి యమున పక్కన కూర్చుని పుంజు కాళ్ల కట్టు విప్పింది.

“పెట్టలను పిలిచి తినే పుంజును ఎవలన్న కోస్తరా బిడ్డా? గోడ ఇవతలకెల్లి నేను గూడ చూస్తున్న గద ఇన్నొద్దులు. దీన్ని మా ఇంట్ల ఉండనియ్యి. నువ్వొచ్చేదాక నూకలు నేనేస్త.”

పోశం తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నల్లది తప్ప మిగిలిన పుంజులను ఆ రోజే కోశాడు. యమున ఆ కూర ముట్టలేదు. నల్లది పెట్టలతో పాటు ఊరికి పోయింది.

తర్వాతి నైట్ షిఫ్టు వారం పొద్దున్నే ఊళ్లో యమున ఫోన్ మోగింది. ఎత్తితే ముందు వినపడింది ఎర్ర పుంజు కూత.

“నిద్రపోనిస్తలేదా?” అంది నవ్వు ఆపుకుంటూ. “కోసెయ్యరాదు మరి!”

“ముందుగాల నన్ను కొయ్యాలె,” అన్నాడు వీరేందర్.