చూపు పడని నెయ్యి

పొద్దున్నే నానమ్మకి యవల జావ పోసి, పరధ్యానంలో ఫల్గుని నేతి గరిటె ఎత్తింది. ముసలావిడ చటుక్కున గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దే తల్లీ! నేనెప్పుడు తిన్నాను నెయ్యి?"

"మర్చిపోయాను నానమ్మా. మనసు మనసులో లేదు. అయినా అగ్నిహోత్రం ఇల్లు, ఎటు చూసినా నెయ్యి కుండలే. నువ్వొక్కదానివే ఉత్త జావ తాగుతావు. ఇదేం వ్రతమో నాకిప్పటికీ తెలీదు."

"వ్రతమే అనుకో. ఇలా తే, చల్లారిపోతోంది."

యమున ఒడ్డున ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది. ఫల్గుని నాన్న వసురాతుడు. అతని తల్లి చిన్న వయసులో భర్త పోయిన దగ్గర్నుంచీ నెయ్యి ముట్టదు. అంత నిష్ఠ ఎవరికుంటుందని ఆడవాళ్ళు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. వసురాతుడు కూడా శిష్యులకి పాఠం చెప్తూ, నిష్ఠ అంటే మా అమ్మది అనేవాడు.

ఫల్గునికి ఇంకా ఇరవై నిండలేదు. కిందటి వర్షాకాలంలో భర్త జ్వరంతో పోయాడు. పుట్టింటికొచ్చి ఉప్పు లేని కూడు తిని, కటిక నేల మీద పడుకుని ఏడాది గడిపింది. ఆ ఏడాది నిన్నటితో అయిపోయింది. ఇవాళ మరిది వృషకుడు బండి తోలుకొస్తున్నాడు. కొడుకు పుట్టకుండానే అన్న పోయాడు కాబట్టి, అన్న పేరు మీద వదినకి తమ్ముడు ఒక కొడుకుని ఇవ్వాలి. చితి దగ్గరే వసురాతుడు దానికి మాటిచ్చేశాడు. ఫల్గునిని ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల కోరుకున్నది వేరు. రేవు అవతల మామిడితోపులో బౌద్ధ భిక్షుణులు ఉంటున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ భిక్షకి వచ్చినప్పుడల్లా ఫల్గుని పశువుల పాక వెనక నిలబడి మాట్లాడేది. వస్తానంటే కాదనరు గానీ, అమ్మానాన్నలు ఒప్పుకోందే చేర్చుకోరు. వాళ్ళ కట్టుబాటు అది. అమ్మ ఎప్పుడో ఒప్పుకుంది. నాన్నే ఒప్పుకోలేదు.

ప్రతి అమావాస్య మర్నాడూ ఆ ఇంట్లో యాగం ఉంటుంది. ఇవాళే ఆ రోజు. ఫల్గుని తల్లి మాఠరి స్నానం చేసి వచ్చి, దర్భలు సర్దుతున్న భర్త పక్కన నిలబడింది.

"ఏమండీ, ఒక్కమాట. ఆ బండి వెనక్కి పంపించెయ్యండి."

"మళ్ళీ మొదలెట్టావా? మాటిచ్చాను మాఠరీ."

"దానికి వాడి పేరు వింటేనే వణుకు. అక్కడ మొగుడు మంచంలో మూలుగుతుంటే, మా అన్నని మింగుతున్నావే అని వాకిట్లో జుట్టు పట్టి కొట్టాడట."

"అన్న పోతున్నాడన్న బాధలో చెయ్యి చేసుకుని ఉంటాడు. అయినా ఇదేమన్నా జన్మంతా కాపురమా? ఒక్క కొడుకు పుట్టేదాకా. నేను పుట్టలేదా అలా? మా నాన్న పేరు నిలబడలేదా? మా అమ్మ ఎప్పుడైనా నోరెత్తిందా?"

ఈ మాట దగ్గరే మాఠరి ప్రతిసారీ ఆగిపోయేది. అత్తగారి సంగతి ఎత్తాక కోడలు ఇంకేం మాట్లాడుతుంది?

"పోనీ అది అడిగినట్టు ఆ భిక్షుణుల దగ్గరికైనా..."

"గుండు గీయించుకుని ఇల్లిల్లూ అడుక్కుంటుందా నా కూతురు? రేపు నా దగ్గర వేదం నేర్చుకోడానికి ఒక్కడైనా వస్తాడా? వెళ్ళు, ఋత్విజులు వచ్చే వేళయింది."

ఋత్విజుల కంటే ముందే బండి వచ్చింది. వృషకుడు దిగి, కాళ్ళు కడుక్కుంటూ అరుగు మీది ఫల్గునిని చూశాడు.

"ఏం వదినా, మూట కట్టుకున్నావా?"

"నేను రానని కబురు పెట్టాను. అందలేదా?"

"అందింది, నవ్వుకున్నాం. పొలం మాది. మా అన్న దున్ని వదిలేశాడు. విత్తు నేను వేస్తాను, పంట మా అన్నకి. దీన్లో నువ్వు రావడమేంటి, రాకపోవడమేంటి?"

"పొలానికి నోరుండదు మరిదీ. నాకుంది."

"ఉండనీలే. ఇంటికెళ్ళాక మూయిద్దాం."

గోడ అవతల మాఠరి విన్నది. చేతిలో చెంబు కింద పెట్టింది. తర్వాత కొంగు సర్దుకుని యాగశాలలోకి వెళ్ళి, పడమటి అగ్ని వెనక తన దర్భాసనం మీద కూర్చుంది.

ఋత్విజుడు ముంజగడ్డి తాడు ఆమె నడుముకి చుట్టాడు. ఇంటి యజమాని యాగం చేస్తే ఇల్లాలికి ఆ కట్టు ఉండాల్సిందే. దానికి ముడి మాత్రం వెయ్యరు. ముడి వేస్తే పాశాల దేవుడు వరుణుడు పట్టుకుంటాడని భయం. కొస లోపలికి దోపి వదిలేస్తారు. మంత్రాలన్నీ మగవాళ్ళవి. ఆవిడ పని ఒక్కటే. కరిగించిన నెయ్యి తెచ్చి ముందు పెడితే తలవంచి దాన్ని చూడాలి. ఇల్లాలి చూపు పడని నెయ్యి అగ్నికి పనికిరాదు.

నెయ్యి వచ్చింది. "చూడండమ్మా" అన్నాడు ఋత్విజుడు.

మాఠరి కళ్ళు మూసుకుంది.

"అమ్మా, నెయ్యి చూడండి."

ఆవిడ రెప్ప కదల్లేదు. మంత్రం చెబుతున్న గొంతు ఆగిపోయింది. వసురాతుడు లేచి వచ్చాడు.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"మరి తెరువు."

"దాన్ని ఆ బండి ఎక్కించనని చెప్పండి. తెరుస్తాను."

"నీకు మతి పోయిందా? నలుగురూ చూస్తున్నారు! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క అమావాస్య తప్పలేదు. నా అగ్నులు ఆర్పేస్తావా?"

"నేనేం ఆర్పను. చూడను, అంతే." మాఠరి కళ్ళు విడలేదు. "నేను చూస్తే గానీ ఈ గిన్నెడు నెయ్యి మీ దేవతలకి పనికిరాదు కదా. నా కడుపున పుట్టిన పిల్ల సంగతిలో మాత్రం నా చూపు మీకు అక్కర్లేదా?"

వసురాతుడికి చెయ్యి లేచింది. కట్టు కట్టి ఉన్న ఇల్లాలిని కొట్టకూడదని గుర్తొచ్చి దించాడు. అరుగు వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

"అమ్మా! నువ్వైనా చెప్పు దీనికి! వంశం కోసం నువ్వు చెయ్యలేదా? సంతోషంగా ఒప్పుకోలేదా?"

ముసలావిడ కర్ర పొడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. నెయ్యి వాసనకి ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుంది.

"సంతోషంగానా? ఎవరు చెప్పార్రా నీకు? మీ చిన్నాన్నా?"

"అందరూ అనేవారు..."

"నన్నెవరైనా అడిగారా? నువ్వడిగావా ఏనాడైనా?"

ఆవిడ గుమ్మం పట్టుకుని మెల్లగా చతికిలబడింది.

"ఫల్గునికంటే చిన్నదాన్ని. మీ చిన్నాన్న ఒంటినిండా నెయ్యి పూసుకుని వచ్చాడు. అలాగే రావాలట, నియమం. పెదవి విప్పకూడదు, అదీ నియమం. నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వద్దనడానికి మాత్రం ఏ నియమమూ లేదన్నారు. తెల్లారి ఏట్లో దిగి ఇసకతో తోముకున్నాను. చర్మం ఊడిందిరా. వాసన పోలేదు. ఇప్పటికీ పోలేదు."

"అమ్మా, మరి వ్రతమన్నావు..."

"వ్రతం నేననలేదు. మీరు పెట్టుకున్న పేరది. నువ్వు పుట్టగానే నీ నాలిక మీద నెయ్యీ తేనే రాశారు. ఆ వాసన పోయేదాకా నిన్ను ఎత్తుకోలేకపోయాను. నువ్వు ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు నా బిడ్డవే. నీ మీద నాకే కోపమూ లేదు. కానీ ఈ పనికి మాత్రం నన్ను సాక్ష్యం పిలవకు నాయనా."

గిన్నెలో నెయ్యి అంచులు తెల్లగా గడ్డకడుతున్నాయి. చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని తిన్న పూటలన్నీ వసురాతుడి కళ్ళముందు తిరిగాయి. ప్రతిసారీ ఆ అరచెయ్యి గిన్నెకి అడ్డం పడేది. అతను దాన్ని చూసి గర్వపడేవాడు.

బయటినుంచి వృషకుడు కేకేశాడు. "ఇదేంటండీ, ముసలావిడ ఏదో అందని ఆగిపోతారా? మాటిచ్చారు మీరు!"

"ఇచ్చాను" అన్నాడు వసురాతుడు. "తప్పుతున్నాను. ఆ పాపమేదో నాకే తగలనీ. బండి తిప్పుకో బాబూ."

"మీ గురించి ఊరూరా చెప్తాం."

"చెప్పుకోండి."

అతను కూతురి దగ్గరికి వెళ్ళాడు. తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టలేక ఆగాడు. "వెళ్ళమ్మా. నీకిష్టమైన చోటికే వెళ్ళు. నేను ఒప్పుకుంటున్నాను."

అప్పుడు మాఠరి కళ్ళు తెరిచింది. గడ్డకట్టిన నెయ్యిని మళ్ళీ కరిగించి తెచ్చారు. తలవంచి చూస్తుంటే ఒక కన్నీటి చుక్క అందులో రాలింది. ఋత్విజుడు చూసీ చూడనట్టు గిన్నె తీసుకెళ్ళాడు.

యాగం అయ్యాక భర్తే వచ్చి ఆమె నడుము కట్టు విప్పాడు. కొస లాగగానే ఊడి వచ్చేసింది.

"ముడి కూడా లేదు" అన్నాడు తాడు వంక చూస్తూ. "కోపమొచ్చినప్పుడు లేచి వెళ్ళిపోవాల్సింది మాఠరీ. ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నావు?"

"ఎక్కడికి వెళ్ళమంటారు?" అంది మాఠరి.



భిక్షకి వచ్చి ఆగిన పెద్దావిడతో పొద్దు వాలే వేళకి ఫల్గుని బయల్దేరింది. నానమ్మ మనవరాలి జుట్టు విప్పి, దువ్వి, మళ్ళీ జడ వేసింది. "రేపటికి ఉండదుగా నానమ్మా, ఎందుకిది?" అంటే, "ఇవాళ ఉందిగా" అంది. మాఠరి రేవు దాకా వెళ్ళింది. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా నిలబడాలని ఉన్నా వీల్లేకపోయింది. సాయంత్రం అగ్నిహోత్రం వేళకి ఆవిడ ఇంట్లో ఉండాలి. నడి ఏట్లో పడవ ఉండగానే వెనక్కి తిరిగి నడిచింది.

వడ్డన వేళకి వసురాతుడు వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. మాఠరి నేతి గిన్నె తెస్తే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకూ వద్దు."

ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకి జరిపింది. ఒక చేత్తో కొంగు ముక్కుకి అదిమి పట్టుకుని, రెండో చేత్తో గరిటె అందుకుంది. కొడుకు పుట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి అతని అన్నంలో నెయ్యి పోసింది.

"తినరా. పుట్టాలని నువ్వేమన్నా కోరుకున్నావా?"

వసురాతుడు అన్నం కలిపాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.