పలకల షెడ్డు కాడ ఎర్రకన్ను

“అది నన్ను పిలిచింది... అన్నమ్మా, నన్నే పిలిచింది!”

వీధి చివర్నుంచి కేక. అన్నమ్మ గడప దాటి చూస్తే, మొగుడు విక్టర్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తున్నాడు. జీపు లేదు. జీపులో ఉండాల్సిన బిర్యానీ గుండిగా లేదు.

ఇంట్లో ఏమో కూతురు రెబెకాను చూడను గిద్దలూరు నుంచి వచ్చినోళ్ళు కూర్చొని ఉన్నారు. మాటలన్నీ అయిపోయినాయి. పిల్ల ఇంటివాళ్ళతో కలిసి అన్నం తింటేనే వాళ్ళలో సంబంధం ఖాయం. తినకుండా లేచినారా... ఇంక అంతే.

విక్టర్ నీళ్ళు తాగి గుసగుసగా చెప్పినాడు. మార్కాపురం నుంచి వస్తుంటే, ఊరి మొగదల మూతబడిన పలకల షెడ్డు కాడ...

ఆ షెడ్డు పేరెత్తితే పగలే జనం గొంతు తగ్గిస్తారు. మిషన్లు ఆగి ఏళ్ళయినా, పొద్దుగూకితే లోపల ఎవరో పలక చెక్కుతున్న చప్పుడంట. ఊళ్ళో సగం మంది విన్నామంటారు. మిగతా సగం, విన్నోళ్ళను చూసినామంటారు.

“టక్... టక్... ముందర మెల్లగా. తర్వాత నా కాళ్ళ కాడనే. తల దించితే— ఎర్రకన్ను. ఒంటికన్ను. రెప్ప గూడా కొట్టలా.”

బండి వణికి ఆగిపోయిందంట. ఈయన బిర్యానీని దానికి అప్పజెప్పి వచ్చేసినాడు.

అన్నమ్మ టార్చి తీసింది. పెళ్ళికొడుకు తల్లి హెలెన్ కూడా లేచింది. “పద వదినా. ఈ ఆకలికి నాకు దెయ్యమైనా ఒకటే, చుట్టమైనా ఒకటే.” మిగతావాళ్ళు వాళ్ళ వెనక. విక్టర్ అందరికన్నా వెనక.

షెడ్డు కాడ చీకటి... చడీచప్పుడు లేదు. హెలెన్ మొగుడు బతికున్నన్నాళ్ళూ లారీ తోలినోడు. ఆమె జీపులోకి వంగి తాళం తిప్పింది.

ఎర్రకన్ను తెరుచుకుంది.

విక్టర్ ప్రభువును తలుచుకున్నాడు. హెలెన్ మాత్రం అది ఆయిలు లైటని, ఇంజనుకు ఆయిలు అందకుంటే వెలుగుతుందని చెప్పి, ఆయిలు ఎప్పుడు మార్చినావని అడిగింది.

ఈ పొద్దేనంట, సొంతంగా. ఏళ్ళ తరబడి పాత ఆయిలు మీదనే పోసుకుంటా వచ్చినోడు, చుట్టాలొచ్చే రోజు గదా అని ఫోన్లో వీడియో చూసి, ఇంజను కడిగే మందు ఒక డబ్బా గుమ్మరించినాడు. ఆయన లెక్కలో మార్చడమంటే అదే.

“మందు పోసి, కాసేపు ఇంజను తిప్పి, మడ్డితో సహా అంతా దించెయ్యాల. దించినావా అన్నయ్యా?”

“ఎట్ల దించుతానమ్మా... కొత్త మందు గదా. పారబోసేది ఏంది?”

అదీ సంగతి. ఏళ్ళనాటి మడ్డి ఒక్కసారి ఊడి, ఆయిలు పీల్చే జల్లెడకు అడ్డం పడింది. చమురు తగలక ఇంజను లోపల కొట్టుకుంది. పాపం షెడ్డులోని దెయ్యం, ఉంటే గింటే, ఆ చప్పుడికి అదే జడుసుకొని ఉంటది.

అన్నమ్మ వియ్యపురాలి మొహమే చూస్తా నిలబడింది. ఇట్లాంటోని ఇంటి పిల్లను చేసుకుంటుందా ఈమె?

హెలెన్ గుండిగ మూత తీసి చెయ్యి పెట్టి చూసింది. “ఇంకా వెచ్చగానే ఉంది. ఇంటిదాకా మోస్తే చల్లారుతుంది. ఈడనే కూర్చుందాం... పిల్లను నా పక్కన కూర్చోబెట్టు వదినా.”

పలకరాళ్ళ మీద అందరూ వరసగా కూర్చున్నారు. విక్టర్ షెడ్డుకు వీపు పెట్టనని కాసేపు మొరాయించి, అందరూ తినడం మొదలుపెట్టేసరికి తనూ కూర్చున్నాడు.