లోపల పడిన పట్టీ

అతను ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. అతను బాగుచేసిన ఏ వస్తువును చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది. ఇంట్లో మిక్సీ తిరగాలంటే ఫ్యాన్ ఆపాలి. గోడ గడియారం పన్నెండు దాటాలంటే ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి దాన్ని బతిమాలాలి. అయినా ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, భార్య గిటారును దానిమీద పడుకోబెట్టి, "గంటలో ఇచ్చేస్తా" అన్నాడు పెద్ద డాక్టరులా.

"ఆరింటికి నా ప్రోగ్రాం, గుర్తుందిగా?" అంది ఆవిడ.

ఆవిడ స్కూల్లో సంగీతం టీచరు. పోయిన నెల పాత సామాన్ల కొట్లో ఈ గిటారు కొంది. దానితో మొదటిసారి స్టేజీ ఎక్కితే, లోపల, తీగల మోతను స్పీకర్‌కు పంపే పికప్ వైరు వదులై పైచెక్కకు తగిలి, ప్రతి స్వరం వెనకా స్పీకర్లో జుయ్యిమని ఈగ మోత. ముందు వరసలో పిల్లలు నవ్వారు. వాళ్లను చూసి హెడ్మాస్టరూ నవ్వాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

"ఈసారి కూడా మోగిందంటే ఇక జన్మలో స్టేజీ ఎక్కను. మెకానిక్‌కి ఇద్దామా?"

"నేనుండగా మెకానిక్ ఎందుకు?"

"మీరున్నారనే," అని స్నానానికి వెళ్లిపోయింది.

బయట మబ్బు పట్టి గది మసకబారింది. తీగలు వదులు చేసి పక్కకు నెట్టి, గుండ్రటి రంధ్రంలో చెయ్యి పెట్టాడు. అతని చెయ్యి మణికట్టు దాకానే పట్టింది. లోపల పాత చెక్క వాసన. తడుముకుంటూ జిగురు క్లిప్పులు అంటించి, వైరును నైలాన్ పట్టీలతో కట్టాడు. ఆ పట్టీలు టిక్ టిక్‌మంటూ ముందుకే బిగుస్తాయి, వెనక్కి రావు. కోస్తేనే ఊడతాయి. ఆఖరిది వేళ్లలోంచి జారి లోపల పడిపోయింది. తడిమాడు, దొరకలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ ఇల్లు సగం ఆ మాట మీదే నడుస్తోంది.

ఇక మిగిలింది, పనికి అడ్డమని విప్పి లోపలికి తోసేసిన జాక్‌ను, అదే కేబుల్ గుచ్చే గొట్టాన్ని, మళ్లీ గిటారు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోకి తేవడం. అందులోంచి దారం పంపి, పెద్ద రంధ్రంలో దాని కొస పట్టుకుని, జాక్‌కు కట్టి వెనక్కి లాగాలి. దారం పంపాడు. కొస కనపడలేదు. ఇంకాస్త పంపాడు.

అతను చెయ్యి తీసేశాక కూడా దారం లోపలికి వెళుతూనే ఉంది.

మెల్లగా... బల్ల మీద దారం ఉండ ఒక్కో చుట్టు విప్పుకుంటూ దొర్లింది. ఆగింది. తర్వాత, గాలానికి చేప తగిలినట్టు, చిన్నగా ఒక్క లాగు.

ఏదో చిక్కుకుని ఉంటుందిలే అనుకుంటూ అతనూ లాగాడు. బరువుగా వచ్చింది. చిన్న రంధ్రంలోంచి జాక్ తల బయటపెట్టింది. దానికి దారం కట్టి ఉంది. ముడి మీద ముడి, మళ్లీ ముడి... లేసు కట్టుకోవడం అప్పుడే నేర్చుకున్న పిల్లలు వేసినట్టు.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా, వచ్చిన జాక్ ఎక్కడ వెనక్కి పోతుందోనని, దారం తెంపి నట్టు బిగించాడు.

చిన్న అద్దం లోపల పెట్టి టార్చి వేశాడు. అద్దానికి ఆవిరి పట్టింది. తుడిచి పెట్టాడు. కాసేపు ఆగి... మళ్లీ పట్టింది. ఊపిరి తీసుకునేంత సేపు ఆగి... మళ్లీ.

ఇప్పుడు వస్తున్నది చెక్క వాసన కాదు. పాలు తాగి నిద్రపోయిన పసినోటి వాసన.

"అయిందా?" ఆవిడ తయారై వచ్చింది. కేబుల్ పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, వేలితో చెక్కను తట్టింది. టప్‌మని శుభ్రంగా పలికింది. నెల రోజుల తర్వాత ఆవిడ మొహం విచ్చుకుంది. "ఫరవాలేదే మీరు."

"ఇవాళ ఇది వద్దు," అన్నాడు. "లోపల... ఎవరో ఉన్నారు."

"మిక్సీలో కూడా ఎవరో ఉన్నారన్నారు. బొద్దింక." గిటారు ఎత్తి ఊపింది. గలగలమంది. "ఇదేంటి?"

"పట్టీ... జారిపడింది."

"ఇది లోపల ఉంచే నాకిస్తున్నారా? జరగండి, నాది సన్న చెయ్యి."

"వద్దు. చెయ్యి పెట్టకు."

అప్పటికే దాన్ని బల్లమీద పెట్టి మోచేతి దాకా దూర్చేసింది. గోళ్లు చెక్కను గీరడం స్పీకర్లో గరగర వినిపించింది. ఆగిపోయింది.

"ఏమండీ..." అంది మెల్లగా. "మీ చేతులు చూపించండి."

రెండూ ఎత్తి చూపించాడు.

ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మరి... ఇంత చిన్న చెయ్యి... ఎవరిది?"

స్పీకర్లో టిక్‌మంది.

ఆవిడ పెదవి కొరుక్కుంది. మళ్లీ... టిక్. మణికట్టు చుట్టూ పట్టీ బిగుస్తోంది. అతను కట్టర్ అందుకున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఉన్న రంధ్రంలో అది దూరదు. టిక్... టిక్...

అప్పుడు ఆవిడ రెండో చెయ్యి, ఎవరూ చెప్పకుండానే, గిటారును జోకొట్టడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒళ్లో పాపను జోకొట్టినట్టు.

చప్పుడు ఆగిపోయింది. స్పీకర్లో మెత్తటి ఊపిరి ఒక్కటే.

"గట్టిగా మాట్లాడకండి..." అని గుసగుసలాడింది. చెయ్యి జోకొడుతోంది. కళ్లు మాత్రం కట్టర్ వంకే చూస్తున్నాయి.

అతను చెక్క కోసే రంపం కోసం మునివేళ్ల మీద లేచాడు.

వీధిలో, ఆవిడను స్కూలుకు తీసుకెళ్లడానికి వచ్చిన కారు హారన్ కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

టిక్.