పొత్తిళ్ళ కావలి

2078 నాటికి కాకినాడలో పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి ఎవరూ తిన్నగా నడిచి వెళ్ళడం లేదు. గుమ్మం ముందు ఆగాలి. ద్వారబంధానికి అమర్చిన గొట్టంలోకి, వేడి టీని చల్లార్చుకున్నట్టు ఒక్కసారి ఊదాలి. లోపలి శ్వాసదర్శిని, అంటే బ్రెత్ స్పెక్ట్రోమీటర్, ఆ ఊపిరిని రెండు క్షణాల్లో జల్లెడ పడుతుంది. దగ్గూ జ్వరమూ మొదలవకముందే వైరస్ జాడ పట్టేస్తుంది. పచ్చదీపం వెలిగితే తలుపు తెరుచుకుంటుంది. ఎర్రదీపం వెలిగితే, "ఈరోజు పాపాయిని చూడటానికి వీలుపడదు. వారం తర్వాత దయచేయండి" అని మర్యాదగా చెబుతుంది.

దాని పేరు పొత్తిళ్ళ కావలి. కనిపెట్టింది డాక్టర్ హైమ. అది వచ్చిన రెండేళ్ళలో, నెల నిండకుండానే ఊపిరి అందక ఆస్పత్రి పాలయ్యే బిడ్డల సంఖ్య ఐదోవంతుకు పడిపోయింది.

అలాంటి యంత్రానికే ముప్పు వచ్చింది. ఎర్రదీపం చూసి వెనుదిరిగిన చుట్టాలు పరీక్షలు చేయించుకుంటే, చాలామందికి ఏ జబ్బూ లేదని తేలింది. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పది రోజుల్లో లోపం సరిచేయకపోతే నలభైవేల ఇళ్ళలోంచి కావలిని తీసేస్తామని ప్రభుత్వం తాఖీదు పంపింది.

హైమ, ఆమె సహచరుడు రహీమ్ అందరికంటే ఎక్కువ ఎర్రదీపాలు వెలిగిన ఇంటికి వెళ్ళారు. ఊదారు, ఇద్దరికీ పచ్చదీపమే. లోపల సుచరిత అనే బాలింత, భుజం మీద పద్దెనిమిది రోజుల పాప.

రహీమ్ తలుపు వెనక యంత్రం మూత విప్పాడు. గొట్టానికి కాస్త ఎడంగా ఇంగువ నీళ్ళలో తడిపిన దూది ఉండ కనిపించింది. దాని ఘాటు గొట్టంలోకి చేరితే చాలు, శ్వాసదర్శిని తికమకపడి ఎర్రదీపం వెలిగించేస్తుంది.

"ఇదేంటమ్మా?"

సుచరిత ముఖం పాలిపోయింది. "యంత్రాన్ని పాడుచేద్దామని కాదండీ. పాప గంటకోసారి పాలకి లేస్తుంది. నాకు కాస్త కన్నంటుకునేసరికి ఎవరో ఒకరు వస్తారు. పిల్లని ఒళ్ళోంచి ఒళ్ళోకి మారుస్తారు, ముద్దులు పెడతారు. మా పెద్దత్తగారిని రావద్దని నేనెలా అంటానండీ? అదే ఎర్రదీపం వెలిగితే, 'అమ్మో, నావల్ల పిల్లకేమైనా అయితే!' అనుకుని ఆవిడే వెళ్ళిపోతారు. కోపం కూడా రాదు. నేను మేలుకుని ఉన్నప్పుడు గొట్టం దగ్గర్నుంచి దూది జరిపేస్తానండీ, అందుకే మీకు పచ్చదీపం వెలిగింది."

"ఈ దూది ఉపాయం నీకెవరు చెప్పారు?" అంది హైమ.

"బాలింతలందరికీ తెలుసండీ."

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. రెండేళ్ళుగా తను బిడ్డ గురించే ఆలోచించింది. బిడ్డ తల్లి తనకు తోచనేలేదు.

"తలుపు లోపలివైపు ఒక మీట పెడదాం రహీమ్. తల్లి నొక్కితే ఎర్రదీపం వెలగాలి."

"యంత్రం చేత అబద్ధం చెప్పిద్దామా మేడం?"

"అబద్ధం కాదు. కారణం చెప్పదు, అంతే. ఎర్రదీపమంటే జబ్బే కానక్కర్లేదని, తల్లి మీట నొక్కినా వెలుగుతుందని అందరికీ ప్రకటిద్దాం."

ప్రకటించారు. తాఖీదు రద్దయింది. ఆశ్చర్యమేమిటంటే ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి. మీట ఎదుటివాళ్ళ కోసమనీ, తమకి మాత్రం నిజంగా వైరస్సేననీ ఎవరికి వారే నమ్మేశారు!

నాలుగు నెలలకు హైమ చెల్లెలు వకుళకి కొడుకు పుట్టాడు. హైమ ఉదయమే ల్యాబ్‌లో తన ఊపిరి పరీక్షించుకుని, ఏ దోషమూ లేదని తేల్చుకుని, కాజాల డబ్బాతో చెల్లెలి గుమ్మం ముందు ఊదింది.

ఎర్రదీపం!

"కారణం?" అంది హైమ.

"కారణం చెప్పకూడదని మీరే ఆదేశించారు, డాక్టర్ హైమా."

"నేను పరాయిదాన్నా? సొంత అక్కని! నిన్ను కనిపెట్టినదాన్ని!"

లోపల చిన్న సవ్వడి కూడా లేదు. తల్లీబిడ్డలిద్దరూ హాయిగా నిద్రపోతున్నట్టున్నారు. హైమకి ఉక్రోషమూ నవ్వూ కలిసి వచ్చాయి.

కింద మెట్ల మీద పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు బొమ్మల సంచీతో కూర్చుని ఉన్నారు.

"నీకూ ఎరుపేనా తల్లీ? రా, కూర్చో. నాకు జలుబు మొదలవుతున్నట్టుంది. మంచిదైంది, ముందే పట్టేసింది. మరి నీకేమైంది?"

హైమ ఒక్క క్షణం ఆగింది. కాజాల డబ్బా మూత తీసి ఆవిడ ముందుంచి, చిన్నగా దగ్గింది.

"నాకూ జలుబేనండీ."