అక్కా అని పిలిపించుకున్న అమ్మ

ప్రయాణపు సంచి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది, కూతురి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. యువజన సేవకుల సదస్సుకు వెళ్ళే బస్సుకు వేళవుతోంది. తల్లి ఆ తలుపు మీద చెయ్యి వేసింది. తట్టలేదు, ఊరికే వేసి ఉంచింది. చర్చి సంఘంలో ఏ ఇంటి బిడ్డ అలిగి గది గడియ పెట్టుకున్నా ఆమెకే కబురు వచ్చేది. ఆమె గొంతు వింటే చాలు, తలుపు తెరుచుకునేది. ఆ గొంతు ఈ ఒక్క తలుపు ముందు పనికిరాకుండా పోయింది...

"బంగారూ, రెండ్రోజుల్లో వచ్చేస్తాను. ఒక్కసారి కనిపించవే."

"వెళ్ళి రండి అక్కా," అంది లోపలి గొంతు, మర్యాద ఏమాత్రం తగ్గకుండా.

వంటింట్లో కప్పులు కడుగుతున్న అత్తగారు కొళాయి కట్టేసింది. "విన్నావా? అందరి పిల్లలకీ నువ్వు అక్కవి. కన్నపిల్లకీ అక్కవే అయితే మరి నేనెవర్నే దానికి, పెద్దక్కనా?"

నవ్వించాలనే అంది ముసలావిడ. కోడలు నవ్వబోయింది, పెదవి సాగలేదు.

ఆ నియమం పెట్టింది తానే. యువజన కూటంలో అందరూ తనను అక్కా అంటారు. తన పిల్ల ఒక్కతే అమ్మా అంటే మిగిలినవాళ్ళకు తాము పరాయివాళ్ళమనిపిస్తుందేమోనని, "కూటం జరిగేచోట నువ్వూ అక్కా అనే పిలువు" అని కూతురికి నేర్పింది. పక్షపాతం లేని సేవకురాలని పెద్దలు మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఎంత భద్రంగా దాచుకుందో! కూతురు కూటానికి రావడం మానేసి చాలాకాలమైంది. శనివారం వస్తే ట్యూషనంటుంది, సంచి తగిలించుకుని వెళ్ళిపోతుంది.

సదస్సులో మధ్యాహ్నం కుర్చీలు గుండ్రంగా వేశారు. తమ మనసుకు భారమైన ఒక బిడ్డ గురించి ఒక్కొక్కరూ చెప్పాలి. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు; విన్నవారు ఆరా తీయకూడదు. విన్నదాన్ని ప్రార్థనలో పెట్టి, అక్కడే వదిలి లేవాలి. వారి సేవలో అది ఒట్టులాంటి కట్టుబాటు.

"మా వాళ్ళు ప్రార్థనలో కళ్ళు బాగానే మూస్తారండీ, ఫోను ఒక్కటే తెరిచి ఉంటుంది," అని గిటారు వాయించే ఒక యువ సేవకుడు మొదలుపెట్టేసరికి అందరూ నవ్వారు.

ఆ తరువాత ఆమె పక్కనున్న నర్సమ్మ గొంతు సవరించుకుంది. వారమంతా ఆస్పత్రిలో నర్సు పని, శనివారాలు తమ సంఘంలో పిల్లల కూటం ఆవిడకు.

"మా దగ్గరికి వేరే సంఘం పిల్ల ఒకతె వస్తోంది. బస్సు మారి మరీ వస్తుంది. మొదట్లో వెనక వరసలో కూర్చుని, మాటా పలుకూ లేకుండా జడ కొస నములుతూ ఉండేది."

తన కూతురిదీ అదే అలవాటు. జడ కొస నమిలే పిల్లలు లోకంలో ఎందరో ఉంటారు...

"వాళ్ళమ్మ కూడా మనలాగే సేవ చేస్తుందట. ఒకసారి క్యాంపులో పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పాట నేర్పుతున్న తల్లి దగ్గరికెళ్ళి అమ్మా అందట. 'ఇక్కడ నన్నేమని పిలవాలి?' అందట ఆవిడ, అందరి ముందూ, నవ్వుతూనే. పిల్ల 'అక్కా, నాకు జ్వరంగా ఉంది' అని చెప్పి, పోయి చాప మీద పడుకుందట."

ఆ క్యాంపు ఆమెకు గుర్తుంది. నేర్పిన పాట గుర్తుంది, పల్లవి దగ్గర ఎవరు శ్రుతి తప్పారో కూడా గుర్తుంది. జ్వరం గుర్తులేదు. ఎంత వెతికినా ఆ కాలిపోతున్న నుదురు తన అరచేతికి జ్ఞాపకం రాలేదు. తాను తాకనే లేదు గనుక.

"మొన్న నన్నడిగింది, మిమ్మల్ని అమ్మా అని పిలవొచ్చా అని. ఆ పిలుపు ఇంకొకరిదని నాకు తెలుసు. వద్దంటే మళ్ళీ నోరు మూసుకుంటుంది. వాళ్ళమ్మకి తెలిస్తే ఇక రానంది. మీరు పెద్దవారు, ఏం చెయ్యమంటారక్కా?"

చూపులన్నీ తన వైపు తిరిగాయి. అది నా బిడ్డ... ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పలికితే ఏదో ఒకరోజు ఆ పిల్ల చెవిని పడుతుంది, బస్సు మారి వెతుక్కున్న ఆ ఒక్క వాకిలీ మూసుకుంటుంది.

"పిలవనివ్వండి," అంది. "అమ్మా అని ఎవరో ఒకరిని పిలవాలి కదమ్మా, పిల్ల."

"మరి ఆ తల్లి?"

"ఆవిడ సంగతి... దేవుడు చూసుకుంటాడు."

ప్రార్థన ఆమెనే చేయమన్నారు. కన్నబిడ్డ కోసం పరాయిదానిలా ప్రార్థించింది. 'ఆ పిల్ల' అన్న ప్రతిచోటా నాలుక 'నా' అనబోయి ఆగింది, ఆగి మింగింది. కళ్ళు తెరిచాక నర్సమ్మ చేతిరుమాలు అందించింది.

"ఎవరి బిడ్డకో ఇంత ఏడుస్తారు. మీ పిల్లలు అదృష్టవంతులక్కా."

ఆమె ఇంటికి తిరిగొచ్చాక, శనివారం కూతురు జడ అల్లుకుని సంచి తగిలించుకుంది.

"ట్యూషనా?"

"ఊఁ."

"చెప్పే ఆవిడ మంచిదేనా?"

సంచి పట్టీ మీద వేళ్ళు ఆగాయి. "మంచిదే. చెప్పేది వింటుంది."

"అయితే మానకు." ఆపుకోలేక కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

పిల్ల తల వెనక్కి తీసుకుంది. "ఏంటి? నాకేం జ్వరం లేదు."

"తెలుసు... ఊరికే."

"వెళ్తున్నాను," అంది కూతురు.

ఆ మాట చివర అమ్మా లేదు, అక్కా లేదు. అడుగుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది. అరచేతిలో ఆ నుదుటి చల్లదనం ఇంకా ఉండగానే, ఆమె మెల్లగా గుప్పిట మూసుకుంది.